జపాన్ జీరో ఫైటర్ అమెరికాకి దొరికిన కథ: హెల్‌క్యాట్‌ని దాన్ని చూసే తయారు చేశారా?

శీను_బైరాగిపట్టెడ

అందరికీ నమస్తే. మా బామ్మర్దికీ నాకూ మధ్య ఒక విషయం తేలడం లేదు. వాడు ఏదో వీడియో చూసొచ్చి, రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్ల జీరో ఫైటర్ ఒకటి అలాస్కా దగ్గర దాదాపు చెక్కుచెదరకుండా అమెరికా చేతిలో పడిందనీ, దాన్ని ఊడదీసి చూసి గ్రమ్మన్ కంపెనీ హెల్‌క్యాట్ విమానం తయారు చేసిందనీ, అక్కడితో జపాన్ పని అయిపోయిందనీ ఒకటే వాదన. వినడానికి సినిమా కథలా బాగానే ఉంది, కానీ ఒక్క విమానం దొరికితే యుద్ధమే తిరగబడిపోతుందా అని నా డౌటు. అసలు ఏం దొరికింది, దాంట్లోంచి ఏం తెలుసుకున్నారు?

ఇంకో ప్రశ్న కూడా ఉంది. చిత్తూరులో ఉండే మా అవ్వ చిన్నప్పుడు చెప్పేది, జపాన్ వాడు వైజాగ్ మీద బాంబులేశాడని తెలిసి మద్రాసులో ఉన్న బంధువులంతా ట్రంకు పెట్టెలు, వంటపాత్రలు నెత్తిన పెట్టుకుని రైలెక్కి మా ఇంటికొచ్చి నెలల తరబడి ఉండిపోయారని. ఆ బాంబులేసింది ఈ జీరోలేనా? తెలిసినవాళ్లు నాలుగు ముక్కలు రాయండి. లింకు పడేసి పోవద్దు ప్లీజ్, ఇక్కడే చెప్పండి.

చరిత్ర_సార్_తిరుపతి

శీనూ, మీ బామ్మర్ది చెప్పింది సగం నిజం. విమానం దొరికిన మాట వాస్తవం. హెల్‌క్యాట్ ముక్క మాత్రం కట్టుకథ. ముందు విమానం సంగతి చూద్దాం.

1942 జూన్ 4. అదే రోజు పసిఫిక్ మధ్యలో మిడ్‌వే యుద్ధం జరుగుతోంది. అటు ఉత్తరాన అలాస్కాని ఆనుకుని ఉన్న అల్యూషన్ దీవుల్లో డచ్ హార్బర్ అనే అమెరికా స్థావరం మీద ర్యూజో, జున్యో అనే రెండు జపాన్ విమానవాహక నౌకల నుంచి దాడి జరిగింది. ర్యూజో నుంచి వెళ్లిన ముగ్గురు జీరో పైలట్లలో ఒకడు తదయోషి కోగా. వయసు 19. కింద నుంచి కాల్చిన తూటా ఒకటి వాడి ఇంజన్ ఆయిల్ పైపుకి తగిలింది. ఆయిల్ కారిపోతుంటే నౌక దాకా చేరలేడు కాబట్టి, ఇలాంటప్పుడు దిగడానికి ముందే అనుకున్న అకుటాన్ దీవికి ముగ్గురూ వెళ్లారు. అది డచ్ హార్బర్‌కి తూర్పున ఒక 40 కిలోమీటర్లు. పైనుంచి చూస్తే పచ్చటి గడ్డి మైదానం. కోగా చక్రాలు దించి దిగాడు. గడ్డి కింద ఉన్నది బురద, నీళ్లు. చక్రాలు అందులో దిగబడి విమానం ముందుకి పల్టీ కొట్టి బోర్లా పడింది. వాడు మెడ విరిగి అక్కడే పోయాడు. విమానానికి మాత్రం పెద్దగా ఏం కాలేదు.

ఇక్కడ నన్ను ఎప్పుడూ ఆపే విషయం ఒకటుంది. శత్రువు నేల మీద జీరో పడితే దాన్ని కాల్చి తగలబెట్టమని మిగతా పైలట్లకి ఆర్డర్ ఉంది. ఎండో, షికాడా ఇద్దరూ పైన చక్కర్లు కొడుతున్నారు, తుపాకుల్లో తూటాలున్నాయి, కానీ లోపల కోగా బతికే ఉన్నాడేమో అనుకుని కాల్చలేకపోయారు. అలాగే వెళ్లిపోయారు. వాళ్ల చోట ఎవరున్నా అదే చేసేవాళ్లని నా నమ్మకం. మిలిటరీ లెక్కలో మాత్రం అదే వాళ్ల కొంప ముంచింది.

తర్వాత నెల దాటినా ఎవరి కంటా పడలేదు. జులై 10న విలియం థీస్ నడుపుతున్న కాటలీనా గస్తీ విమానం దారి తప్పి, ఎక్కడున్నామో తేల్చుకుని, దగ్గరి దారి అని అకుటాన్ మీదుగా తిరిగొస్తుంటే అందులో ఉన్న ఆల్బర్ట్ నాక్ అనే మెకానిక్ కిందకి చూసి, ఏదో విమానం పడి ఉందన్నాడు. మామూలుగా ఆ దారిన పోయేవాళ్లే కాదు. బురదలోంచి లాగడానికి మూడుసార్లు మనుషుల్ని పంపాల్సి వచ్చింది. చివరికి బయటికి లాగి, డచ్ హార్బర్‌కి తెచ్చి, తిరగేసి, కడిగి, ఓడెక్కించి సియాటిల్‌కీ అక్కడి నుంచి శాన్ డియేగో నేవీ స్థావరానికీ చేర్చారు. అక్కడ చుట్టూ ఎత్తైన కంచె కట్టి, కాపలా పెట్టి రిపేరు చేశారు. సెప్టెంబర్ 20న ఎడ్డీ శాండర్స్ అనే నేవీ టెస్ట్ పైలట్ దాన్ని ఎగరేశాడు. అక్టోబర్ 15 లోపల 24 సార్లు ఎగిరింది.

గ్రీమ్స్‌పేట_మెకానిక్

సార్ కథ బాగా చెప్పారు. దాంట్లో ఏం తెలుసుకున్నారన్నది నేను చెప్తా, ఎందుకంటే ఇది మా లైనుకి దగ్గరి విషయం.

శాండర్స్ మొదటి ఫ్లైట్లోనే పట్టుకున్న లోపం కార్బురేటర్‌ది. జీరో ఇంజన్ పేరు సకాయ్, దాంట్లో ఉన్నది ఫ్లోట్ రకం కార్బురేటర్. మన పాత బైకుల్లో ఉండేదీ అదే సూత్రం. చిన్న గిన్నె, దాంట్లో పెట్రోలు, పైన తేలే ఫ్లోట్, అడుగున జెట్. పెట్రోలు కింద ఉన్నంతసేపే ఆ ఏర్పాటు పని చేస్తుంది. బండి జారి అడ్డంగా పడిందనుకోండి, ఫ్లోట్ పని చేయదు, ఓవర్‌ఫ్లో పైపులోంచి పెట్రోలు కారిపోతుంది, ఇంజన్ ఆగిపోతుంది. మా షెడ్డుకి వానాకాలం వారానికి నాలుగు ఇలాంటివే వస్తాయి. విమానంలో అయితే, పైలట్ విమానాన్ని తిప్పే కర్రని ఠక్కున ముందుకి తోసి ముక్కు కిందకి దించితే సీట్లోంచి మనిషి పైకి లేస్తాడు కదా, గిన్నెలో పెట్రోలు కూడా అలాగే పైకి ఎగిరిపోతుంది. జెట్‌కి అందదు. ఇంజన్ ఖక్కుమని దగ్గి ఆగుతుంది. జీరో వెనక పడ్డప్పుడు అమెరికా పైలట్ అలా ముక్కు దించి డైవ్ కొడితే, వెంటపడే జీరో అదే పని చేయలేదు.

ఇది జపాన్ వాళ్ల తెలివితక్కువతనం అనుకోకండి. బ్రిటిష్ వాళ్ల స్పిట్‌ఫైర్‌కీ ఇదే రోగం ఉండేది, బీట్రిస్ షిల్లింగ్ అనే లేడీ ఇంజనీర్ 1941లో పెట్రోలు దారిలో చిల్లున్న చిన్న వాషర్ లాంటిది పెట్టి చాలావరకు సర్దింది. పేరున్న ఇంజనీర్లు తల పట్టుకుంటే చిన్న బిళ్లతో పని కానిచ్చింది. ఆ తల్లికి దండం పెట్టాలి.

రెండోది ఏలరాన్లు, అంటే రెక్కల చివర కదిలే పలకలు. తక్కువ స్పీడులో జీరో గాలిపటంలా తిరిగేది, దాన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. గంటకి 370 కిలోమీటర్లు దాటాక మాత్రం ఆ పలకలు బిగుసుకుపోయి, కర్రని రెండు చేతులతో తోసినా పక్కకి తిరగదు. ఎడమ వైపు కొంచెం నయం, కుడి వైపు మరీ కష్టం. కాబట్టి పైలట్లకి చెప్పిన మందు ఒకటే, కిందకి దూకు, స్పీడు పెంచు, కుడికి తిప్పు.

వింగ్‌మ్యాన్_మదనపల్లె

మెకానిక్ అన్నా, కుడికి తిప్పడం గురించి ఒకటి కలుపుతాను. కెన్నెత్ వాల్ష్ అని అమెరికా మెరైన్స్‌లో కోర్సెయిర్ అనే ఫైటర్ నడిపినాయన ఉన్నాడు. 1943లో సోలమన్ దీవుల పోరాటాలకి వాళ్ల దేశపు అత్యున్నత పతకం వచ్చినాయన. జీరో తోక పట్టినప్పుడు బోర్లా తిరిగి డైవ్ కొట్టి, స్పీడు 240 నాట్లు (గంటకి దాదాపు 445 కిలోమీటర్లు) దాటాక గట్టిగా కుడికి తిప్పితే వెనక జీరో కాల్చిన తూటాలు తన విమానం పొట్ట కింద నుంచి పోయాయని తర్వాత చెప్పుకున్నాడు. అకుటాన్ విమానం మీద చేసిన పరీక్షల వల్లే బతికానని ఆయన మాట. అందుకే చరిత్ర సార్‌తో నేను పూర్తిగా ఏకీభవించను. జపాన్ వైపు నుంచి ఒకుమియా మసతకే కూడా, ఆ అల్యూషన్ దాడిలో ర్యూజో మీద ఉన్న స్టాఫ్ ఆఫీసరే, ఈ విమానం పోవడం మిడ్‌వే ఓటమికి తక్కువేం కాదన్నట్టు యుద్ధం తర్వాత రాశాడు. వాళ్ల మనిషే అన్నాక మనం కట్టుకథ అనడం ఎంతవరకు న్యాయం?

చరిత్ర_సార్_తిరుపతి

వింగ్‌మ్యాన్ బాబూ, కట్టుకథ అన్నది హెల్‌క్యాట్ ముక్కని. విమానం పనికిరాలేదని ఎక్కడన్నాను?

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి చాలు. హెల్‌క్యాట్ ప్రోటోటైపులకి, అంటే మొదటి నమూనా విమానాలకి, నేవీ ఆర్డర్ ఇచ్చింది 1941 జూన్‌లో, అంటే పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి కంటే ముందు. మొదటి ప్రోటోటైప్ ఎగిరింది 1942 జూన్ 26న. అప్పటికి కోగా విమానం బురదలో బోర్లా పడి ఉంది, అక్కడుందని అమెరికా వాళ్లకే తెలీదు. పెద్ద ఇంజన్, అదే 2,000 హార్స్‌పవర్‌ది, పెట్టిన ప్రోటోటైప్ జులై 30న ఎగిరింది. అప్పుడు జీరో సియాటిల్ వెళ్లే ఓడలో ఉంది. శాండర్స్ దాన్ని ఎగరేసింది సెప్టెంబర్‌లో. ఇంక దాన్ని చూసి దీన్ని ఎలా గీస్తారు? విమానం డిజైన్ అంటే రాత్రికి రాత్రి పిండి కలిపి దోశ పోసే పని కాదు కదా.

పైగా రెండు విమానాల స్వభావమే వేరు. జీరో రూపకర్త హోరికోషి జిరో చేతిలో ఉన్న ఇంజన్ 1,000 హార్స్‌పవర్ కూడా లేదు. నేవీ వాళ్లేమో దూరం పోవాలి, చురుగ్గా తిరగాలి, ఫిరంగులుండాలి అని అడిగారు. అన్నీ కావాలంటే బరువు కోసేయాలి. కోసేశాడు. పైలట్ వెనక ఉక్కు పలక లేదు, చిల్లు పడితే తనంతట తానే మూసుకునే పెట్రోలు ట్యాంకు లేదు. అదనపు ట్యాంకు తగిలిస్తే 3,000 కిలోమీటర్లు పోయేది, కానీ తూటా తగిలితే మంట. గ్రమ్మన్ వాళ్లు రెట్టింపు పవర్ పెట్టి, ఉక్కు పలకలు వేసి, బరువు పెరిగితే పెరగనీ అన్నారు. ఖాళీ జీరో 1,700 కిలోల లోపు, ఖాళీ హెల్‌క్యాట్ 4 టన్నుల పైన. ఒకదాన్ని చూసి ఇంకొకటి తయారు చేసిన పోలిక ఎక్కడుంది అందులో?

ఒకుమియా మాటకొస్తే, ఓడిపోయిన సైన్యంలో పని చేసిన ఆఫీసర్లు ఓటమికి ఒక్క గట్టి కారణం వెతుక్కోవడం కొత్తేం కాదు. మంచి పైలట్లు పోయారు, కొత్తవాళ్లకి ట్రైనింగ్ చాలలేదు, ఫ్యాక్టరీలు అందుకోలేకపోయాయి అని రాయడం కంటే ఒక విమానం శత్రువుకి దొరికిందని రాయడం సుళువు. జీరోని ఎదుర్కొనే ఎత్తు అమెరికా వాళ్లకి ముందే ఉంది. జిమ్మీ థాచ్ అనే నేవీ పైలట్ 1941లోనే ఇంట్లో వంటగది టేబుల్ మీద అగ్గిపుల్లలు పేర్చి లెక్కేసుకున్నాడు. రెండు విమానాలు ఎడంగా ఎగురుతూ, ఒకదాని వెనక శత్రువు పడితే రెండూ ఎదురెదురుగా తిరుగుతాయి, తరుముకొచ్చేవాడు రెండోవాడి తుపాకీ ముందుకొచ్చి పడతాడు. దాన్ని యుద్ధంలో మొదటిసారి వాడింది మిడ్‌వేలో, 1942 జూన్ 4న. కోగా పల్టీ కొట్టిన రోజే.

వాల్ష్ లాంటి వాళ్ల ప్రాణాలు ఆ పరీక్షల వల్ల దక్కాయంటే నేను నమ్ముతాను. అది చిన్న విషయం కాదు. కానీ యుద్ధం దానివల్లే గెలిచారనడం వీడియో వ్యూస్ కోసం చెప్పే మాట.

వింగ్‌మ్యాన్_మదనపల్లె

తేదీల దగ్గర నా దగ్గర జవాబు లేదు సార్, ఒప్పుకుంటాను. కానీ పైలట్లలో ఉన్న భయం తగ్గడం కూడా లెక్కలోకి తీసుకోవాలి. అప్పటిదాకా జీరో అంటే దయ్యం. చేతికొచ్చాక చూస్తే దాంట్లో రేడియో కంపాస్ అమెరికా ఫెయిర్‌చైల్డ్ కంపెనీది, ప్రొపెల్లర్ అమెరికా డిజైన్‌ని లైసెన్స్ తీసుకుని జపాన్‌లో చేసింది. ఇది కూడా మనిషి చేసిన మిషనే, దీనికీ రోగాలున్నాయి అని తెలిస్తే పైలట్‌కి వచ్చే ధైర్యం వేరు.

శీను_బైరాగిపట్టెడ

అబ్బా, ఇంత వస్తుందనుకోలేదు, థ్యాంక్స్ అన్నా, సార్. బామ్మర్దికి ఇదంతా ఫార్వర్డ్ చేశాను, బ్లూ టిక్ పడింది, రిప్లై మాత్రం లేదు. వైజాగ్ సంగతి ఎవరూ చెప్పలేదు. అట్లనే ఆ విమానం ఇప్పుడు ఎక్కడుంది? చూడ్డానికి వీలవుతుందా? ఇది చదివినప్పటి నుంచి మా అబ్బోడు థర్మాకోల్‌తో జీరో బొమ్మ చేస్తానని కూర్చున్నాడు.

కాకినాడ_కోడలు_చిత్తూరు

వైజాగ్ సంగతి నేను చెప్తాను, మా పుట్టింటి ఊరు కూడా అందులో ఉంది కాబట్టి.

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులేశాయి. అవి వచ్చింది ఏ నౌక మీద నుంచో తెలుసా? ర్యూజో. రెండు నెలల తర్వాత కోగా ఎగిరిన అదే ర్యూజో! అప్పుడది ఒజావా అనే అడ్మిరల్ కింద బంగాళాఖాతంలో తిరుగుతూ సరుకు ఓడల్ని ముంచుతోంది. ఆ నౌకాదళం కొద్ది రోజుల్లో ఇరవైకి పైగా ఓడల్ని ముంచేసింది.

అయితే శీను గారూ, మన మీదకి వచ్చినవి జీరోలు కావు. బాంబులేసినవి నకజిమా బి5ఎన్ అనే మూడు సీట్ల బాంబర్లు. ఏప్రిల్‌లో ర్యూజో మీద ఫైటర్లు ఉన్నాయి కానీ అవి జీరోకి ముందు తరం ఏ5ఎంలు, చక్రాలు లోపలికి ముడుచుకోని పాత రకం. ఏప్రిల్ నెలాఖరుకి నౌక జపాన్ తిరిగెళ్లాకే దానికి జీరోలు ఇచ్చారు. మనకి దగ్గరగా జీరోలు వచ్చింది సిలోన్‌కి, ఏప్రిల్ 5న కొలంబో, 9న ట్రింకోమలీ దాడుల్లో. అవి నగుమో అనే అడ్మిరల్ నడిపించిన పెద్ద నౌకల మీద నుంచి వచ్చినవి.

మీ అవ్వ చెప్పింది మాత్రం అక్షరాలా నిజం. ఆ ఏప్రిల్‌లో మద్రాసు సగం ఖాళీ అయిపోయింది. రైల్లో చోటు దొరికినవాళ్లు దొరికినట్టు చిత్తూరు, తిరుపతి, వేలూరు వైపు వచ్చేశారు. బాంబు పడి బోన్లు విరిగితే ఊరి మీద పడతాయని మద్రాసు జూలో పులుల్ని, సింహాల్ని కాల్చి చంపారు కూడా. మా అత్తగారి ఇంట్లో అయితే అప్పుడు వచ్చిన మద్రాసు చుట్టాలు తెచ్చిన ఇత్తడి కాఫీ ఫిల్టరు ఇప్పటికీ వాడుతున్నాం, వాళ్లు దాన్ని వెనక్కి పట్టుకెళ్లలేదు, మేమూ గుర్తు చేయలేదు.

వైజాగ్ వెళ్తే బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో అప్పుడు పడిన జపాన్ బాంబు ఒకటి పెట్టారు, పిల్లాడికి చూపించండి. ఇక ర్యూజో సంగతి, 1942 ఆగస్టు 24న సోలమన్ దీవుల దగ్గర అమెరికా విమానాలు ముంచేశాయి.

గ్రీమ్స్‌పేట_మెకానిక్

కోగా విమానం ఇప్పుడు లేదు శీనన్నా. ఎలా పోయిందో వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు. 1945 ఫిబ్రవరిలో శాన్ డియేగోలో ఒక నేవీ కమాండర్ దాన్ని రన్‌వే వైపు నడుపుకుంటూ పోతుంటే, వెనక వస్తున్న హెల్‌డైవర్ అనే పెద్ద విమానం దీన్ని చూసుకోకుండా గుద్దేసింది. దాని ప్రొపెల్లర్ జీరోని తోక దగ్గర నుంచి దోసకాయ ముక్కల్లా కోసుకుంటూ పోయింది. ట్రాఫిక్ యాక్సిడెంట్! శత్రువు కాల్చలేదు, సొంత స్నేహితులు కాల్చలేకపోయారు, చివరికి పార్కింగ్ కాడ పోయింది. మిగిలినవి పైలట్ ముందుండే కొన్ని మీటర్ డయల్స్, చిన్నా చితకా ముక్కలు. కొన్ని వాషింగ్టన్ నేవీ మ్యూజియంలో ఉన్నాయి.

ఇది ఒక్కటే దొరికిందనుకోకండి. ఆస్ట్రేలియాలో డార్విన్ మీద 1942 ఫిబ్రవరి 19న దాడి చేసినప్పుడు తొయోషిమా అనేవాడి జీరో మెల్విల్ దీవిలో దిగింది. దానిదీ అదే రోగం, ఆయిల్ ట్యాంకులో ఒక్క తూటా. గాలితో చల్లబడే ఇంజన్‌కి రేడియేటర్ టెన్షన్ లేదు నిజమే, కానీ ఆయిల్ పోతే ఏ ఇంజనైనా సీజ్ అవ్వాల్సిందే, అది విమానమైనా టీవీఎస్ ఎక్సెల్ అయినా. తొయోషిమాని అక్కడి తివి అనే ఆదివాసీ తెగ మనిషి ఒకాయన పట్టుకున్నాడు, ఆస్ట్రేలియా నేల మీద పట్టుబడ్డ మొదటి జపాన్ ఖైదీ వాడే. ఆ విమానం తుక్కు ఇప్పటికీ డార్విన్ మ్యూజియంలో ఉంది.

దానికంటే ముందే, 1941 నవంబర్‌లో చైనాలో జీరోలు దిగి చైనా వాళ్ల చేతికి చిక్కాయి. వాటి ముక్కల్ని కలిపి ఎగిరేలా చేసింది గెర్హార్డ్ న్యూమన్ అనే జర్మన్ మెకానిక్. ఆ మనిషే తర్వాత అమెరికా జీఈ కంపెనీలో జెట్ ఇంజన్ల విభాగానికి హెడ్ అయ్యాడు. మనలాంటి షెడ్డు మనిషి అంత దూరం పోయాడంటే నాకు భలే ఇష్టం ఆ కథ.

ఎగిరే జీరోని చూడాలంటే కాలిఫోర్నియాలో చీనో అనే ఊరు పోవాలి. 1944లో సైపాన్ దీవిలో దొరికినది అక్కడి మ్యూజియంలో ఉంది, అసలు సకాయ్ ఇంజన్‌తోనే ఎగురుతుంది. వీసా గీసా వద్దనుకుంటే ఢిల్లీ పాలం ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో జపాన్ వాళ్ల ఓకా ఉంది. అది జీరో కాదు, రాకెట్ పెట్టిన ఆత్మాహుతి విమానం, మనిషి కూర్చుని నడిపే బాంబు అనుకోండి. తెల్లగా పిల్లల బొమ్మలా ఉంటుంది, చూస్తే కడుపులో దేవుతుంది.

అబ్బోడి బొమ్మకి ఒక మాట. ఒంటికి లేత బూడిద రంగు, ముందు ఇంజన్ మూత నలుపు, రెక్కల మీద, పక్కల ఎర్ర గుండ్రాలు, తోక మీద డీఐ-108 అని రాయమను, కోగా విమానం నంబరు అదే. రెండు రెక్కలు వేరువేరుగా కోసి ఒంటికి అతికించొద్దని చెప్పు, వాలిపోతాయి. అసలు జీరోకి కూడా రెక్క, పైలట్ కూర్చునే ముందు భాగం కలిపి ఒకే ముక్క, బరువు తగ్గించడానికి అలా చేశారు, అందుకే అకుటాన్‌లో వాళ్లు రెక్కలు ఊడదీసి సుళువుగా తేలేకపోయారు. పొడుగాటి థర్మాకోల్ ముక్క ఒకటే తీసుకుని రెక్క కోసి, దాని మీద ఒళ్లు కూర్చోబెట్టి ఫెవికాల్ పెట్టమను. స్ప్రే పెయింట్ నేరుగా కొట్టొద్దు, థర్మాకోల్ కరిగిపోతుంది. ముందు పేపర్ అంటించి, పైన పోస్టర్ కలర్ వేయమను.